మోగని కట్టెలు

అక్టోబరు 4

ముప్పై ఒక్క ఏళ్ల కిందట మా బావమరిది నాకో మాటిచ్చాడు. వాళ్ల పొలానికీ మా పొలానికీ మధ్య గట్టు మీద ఇరవై రెండు చెట్లు ఉండేవి. అందులో ఒకదాని మీద చెయ్యి వేసి, "నేను బతికుండగా వీటి మీద గొడ్డలి పడదు, బావా" అన్నాడు. ఎవరూ అడగలేదు. తనంతట తనే అన్నాడు. ఆరేళ్లు తిరక్కుండా, మేము ఒక పెళ్లికి వెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చేసరికి గట్టు మీద ఇరవై రెండు మొదళ్లు ఉన్నాయి. కొన్నిటి మీద ఇంకా రసం ఆరలేదు.

అప్పటినుంచి ఉత్తరపు గాలి తిన్నగా వచ్చి మా వంటింటి కిటికీకి తగులుతుంది. అప్పటినుంచి చలికాలానికి మాకు ఒకటిన్నర రెట్లు కట్టెలు కావాలి. ఆ అదనపు సగం నరికిందీ కోసిందీ చీల్చిందీ నేను. పాతికేళ్లు. చెట్లు పోయాక పిట్టలూ తగ్గిపోయాయి. ఈ మధ్య అయితే ఒక్క కూత కూడా లేదు. పిట్టలకున్న పౌరుషం కొందరు మనుషులకి లేదు.

ఇదంతా ఏటా ఈ రోజుల్లో మా ఆవిడకి చెప్పేవాణ్ణి. ఆవిడ "ఊఁ" అనేది. ఇప్పుడు ఆవిడ ఆసుపత్రిలో ఉంది గనక ఈ నోటుపుస్తకానికి చెబుతున్నాను. ఇది ఊఁ కూడా అనదు, అదొక్కటే తేడా.

డాక్టరమ్మ ఇరవై నాలుగున ఇంటికి పంపిస్తానంది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయట. ఇల్లు వెచ్చగా ఉండాలట, పొగ మాత్రం ఉండకూడదట. ఆ పిల్ల మాటలన్నీ గొంతులోనే మింగేస్తుంది. నర్సు చేత రెండుసార్లు చెప్పించుకోవాల్సొచ్చింది. ముప్పై నాలుగేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాను. మాటకి చివర ఉన్న అక్షరం కూడా అక్షరమేనని ఈ తరానికి ఎవరూ చెప్పలేదు. నర్సు చెప్పింది మాత్రం స్పష్టంగా ఉంది. "ఒక్క పచ్చి కట్టె కాల్చినా ఆవిడ మళ్లీ ఈ మంచం మీదకే వస్తారు."

మా ఇంటికి వెచ్చదనమంటే ముందు గదిలో ఉన్న ఇనప పొయ్యి ఒక్కటే. ఇరవై రోజులుంది. ఏటా చేసే పనే.

అక్టోబరు 5

రెండేళ్ల కిందట కొట్టి చీల్చిన కట్టెలు పొలం చివర పొడుగు షెడ్డులో ఉన్నాయి. వాటిని ట్రాక్టరు మీద ఇంటి పక్క షెడ్డుకి చేర్చాలి. తొమ్మిది ట్రాలీలు. ట్రాలీకి ఎక్కించే ముందు రెండేసి పేళ్లు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూస్తాను. ఎండినది ఖంగుమంటుంది. పచ్చిది దబ్బుమంటుంది. కొందరు బరువు చూసి చెబుతారు, కొందరు చివరల్లో పగుళ్లు చూసి చెబుతారు. పగుళ్లు రెండు నెలలకే వస్తాయి, లోపల నీళ్లు లోపలే ఉంటాయి. బరువు చెట్టుని బట్టి మారుతుంది. మోత ఒక్కటే అబద్ధం చెప్పదు. ఈ సంగతి నేను మొదట పుస్తకంలో చదివాను, తర్వాత చేతికి పట్టుబడింది. పొలంలో పుట్టి పెరిగిన మా పెద్దమనిషికి (బావమరిదిని నేను అలాగే అంటాను) ఇది నేర్పింది నేనే.

ఈ ఏడెనిమిదేళ్లుగా మా ఆవిడ కూడా వచ్చి పక్కన నిలబడుతోంది. చలిలో నీకెందుకంటే వినదు. నేను కట్టెలు కొట్టగానే, ఇంకా నోరు తెరవకముందే, "లోపలికి" అనో "పక్కకి" అనో అనేస్తుంది. తొందర మనిషి. పోనీలే అని నేనూ తల ఊపేవాణ్ణి. ఎటూ సరిగ్గానే అనేది. నేర్పిందెవరు మరి.

ఈ రోజు ఒక్కణ్ణే కొట్టాను. నలభై జతలు. నలభైకి నలభై దబ్బుమన్నాయి.

అక్టోబరు 6

రెండో వరస. దబ్బు.

అక్టోబరు 7

మూడో వరసా అంతే. రెండు వేసవులు చూసిన కట్టెలు పచ్చిగా ఎలా ఉంటాయి? కారణం లేకుండా ఏదీ జరగదు. షెడ్డు పైకప్పు రేకులు రేకుల మేస్త్రి వేశాడు. వేసేటప్పుడు నోటినిండా మేకులు పెట్టుకుని పాటలు పాడేవాడు. పని మీద ధ్యాస ఉన్నవాడు పాడడు. నిచ్చెన ఎక్కి చూశాను. ఒకచోట మేకు వదులుగా ఉంది. దానిలోంచి వాన పడితే పడొచ్చు. కింద తడి మచ్చ లేదు. ఆరిపోయి ఉంటుంది.

ఒక మేకు సందులోంచి తొమ్మిది ట్రాలీల కట్టెలు తడవవు, నాకు తెలుసు. ఇంకో కారణం ఉండాలి. షెడ్డు వెనక ట్రాక్టరు చక్రాల జాడలున్నాయి. మా ట్రాక్టరు చక్రాల జాడల్లాగే ఉన్నాయి. కాని మా పెద్దమనిషిదీ అదే సైజు. తన పచ్చి కట్టెలు ఇక్కడ పేర్చి, మా ఎండు కట్టెలు పట్టుకెళ్లడానికి అతనికి రెండు రోజులు చాలు. గట్టు మీద ఇరవై రెండు చెట్లకి నాలుగు రోజులే పట్టింది కదా.

పేర్చిన తీరు నాదే. బెరడు పైకి, సన్న చివర గోడ వైపుకి. అతనికి నా తీరు తెలుసు.

అక్టోబరు 9

బస్సులో ఆసుపత్రికి వెళ్లొచ్చాను. ఆవిడ లేచి దిండుకి ఆనుకుని కూర్చుంది. ముక్కు దగ్గర గొట్టం తీసేశారు. మనిషి సగమైంది, గొంతు మాత్రం అలాగే ఉంది.

"కట్టెలు ఎంతవరకొచ్చాయి?" అంది. ఎలా ఉన్నారు, తిన్నారా, ఏమీ లేదు.

"అవుతున్నాయి."

"ఎవరు చూస్తున్నారు?"

"ఎవరేంటి. నేనే."

"ఒక్కరేనా?"

"నువ్విక్కడ పడుకుంటే ఒక్కణ్ణే కదా."

దుప్పటి అంచు మడత పెట్టింది, విప్పింది. "ఈ ఏడు కొట్టి చూడకండి. ఒకటి చీల్చి, లోపలి వైపు చెంపకి ఆనించుకోండి. చల్లగా తగిలితే పచ్చిది. సులువు."

"నాకు నేర్పుతున్నావా?"

"నేర్పడం కాదండీ. చేతులు నొప్పెడతాయని."

"నా చేతులకేం. అన్నీ ఖంగుమంటున్నాయి, దివ్యంగా ఉన్నాయి" అన్నాను. రోగి దగ్గర కష్టాలు చెప్పుకునేంత మూర్ఖుణ్ణి కాను.

ఆవిడ నావైపు చాలాసేపు చూసింది. సంతోషించాల్సిన మాటకి అలా చూడడమెందుకో అర్థం కాలేదు.

"అన్నీనా?" అంది.

"అన్నీ."

"తమ్ముణ్ణి ఒక్క పూట రమ్మందామా?"

"వాడి పేరెత్తావంటే నేను బస్సెక్కుతాను."

"పేరెక్కడెత్తాను. తమ్ముడనేగా అన్నాను."

పక్క మంచం మీదావిడ నవ్వింది. నేను బస్సు టైమయిందని లేచాను. టైము ఇంకా గంట ఉంది. బస్టాండులో కూర్చుని ఒక చరిత్ర పుస్తకం చదివాను. మూడు సంపుటాల్లో రెండోది. రాసినాయన బతికుండగా నేనే దిద్దాను. ముందుమాటలో ఆయన తన కుక్కకి కూడా కృతజ్ఞతలు చెప్పాడు.

అక్టోబరు 11

నిర్ణయం తీసుకున్నాను. నిన్నా ఈ రోజూ పొడుగు షెడ్డు ఖాళీ చేశాను. కట్టెలన్నీ బయట గడ్డిలో పారేశాను. మధ్యలో అక్కడక్కడా కొట్టి చూశాను, ఒకటైనా మోగుతుందేమోనని. లేదు. పచ్చి కట్టెలు కళ్లెదురుగా ఉంటే చేతికి అవే వస్తాయి, అందుకే బయట. పైన పట్టా కూడా కప్పలేదు. పచ్చివాటికి పట్టా ఎందుకు.

వాలు మీద మూడేళ్లుగా చచ్చి నిలబడి ఉన్న చెట్లు అయిదు ఉన్నాయి. వేళ్లు చచ్చినవాటిలో నీళ్లెక్కడినుంచి వస్తాయి? అవి కొడతాను. పదమూడు రోజులుంది.

అక్టోబరు 12

ట్రాక్టరుకి బెల్టు తగిలించి చక్రపు రంపం తిప్పి చూద్దామని మెకానిక్కుని పిలిచాను. ఇంజను ఆయిలు మార్చాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, "రంపం బేరింగు పోయింది తాతగారూ. ఈల వేస్తోంది" అన్నాడు.

"ఏ ఈలా లేదు."

"ఇంత గట్టిగా వేస్తోంది, మీకు వినపడట్లేదా?"

బేరింగు అమ్ముకోవాలనుకుంటే సూటిగా అమ్ముకోవచ్చు, నా చెవుల మీద పెట్టక్కర్లేదు. ఆ మాటే అన్నాను. అతను ఏదో గొణుక్కుంటూ స్కూటరెక్కాడు. అందరూ గొణిగేవాళ్లే. కాలర్లోకి మాట్లాడతారు, ఎదటివాడికి వినపడలేదంటారు.

అక్టోబరు 13

వాన.

అక్టోబరు 14

వాన. గడ్డిలో కట్టెలు తడుస్తున్నాయి. తడవనీ.

అక్టోబరు 16

మూడు చెట్లు కూలాయి. నా వయసుకి చేయాల్సిన పని కాదని చెప్పేవాళ్లు ఇంట్లో లేరు గనక సాగింది. దుంగకి గొలుసు కట్టి, ట్రాక్టరు మొదటి గేరులో పెట్టి, వాలు మీదనుంచి అడ్డంగా లాగాలి. నిటారుగా లాగితే దుంగ మన వెనకే దొర్లి వస్తుంది. రెండోసారి గొలుసు జారి దుంగ పక్క కాలవలో పడింది. పారతో తవ్వి, చీలలు దోపి, మళ్లీ లాగేసరికి పూట గడిచింది.

రంపం దగ్గర పొట్టు బరువుగా పడుతోంది. పిడికిట్లో పట్టుకుంటే ముద్ద అవుతోంది. పై పొర మెత్తబడిందనుకుంటాను. లోపల చేవ ఎండే ఉంటుంది. ఉండి తీరాలి.

కొట్టి చూశాను. దబ్బుమన్నాయి. అలసిపోయిన చేతులతో కొడితే ఏదైనా దబ్బుమంటుంది.

అక్టోబరు 17

ఇంటి పక్క షెడ్డులోకి నాలుగు ట్రాలీలు చేర్చాను. చూడ్డానికి నిండుగా ఉంది. వేళ్లు రెండు చోట్ల చీరుకుపోయాయి. ఆవిడ ఉంటే వేడినీళ్లు పెట్టి, తిట్టి, కట్టు కట్టేది. వేడినీళ్లూ కట్టూ నేనే చూసుకున్నాను. తిట్టే మనిషి లేదు.

అక్టోబరు 18

ఉదయం ఇనప పొయ్యి ముట్టించి చూశాను. కాగితాలు బాగానే మండాయి. కట్టెల చివర్లలోంచి నురగ వచ్చింది. పావుగంటకి పొయ్యి అద్దం నల్లబడింది. అరగంటకి గది అవతలి గోడ కనిపించలేదు. నాకే దగ్గు ఆగలేదు. కిటికీలన్నీ తెరిచి గుమ్మంలో కూర్చున్నాను. ఆవిడ కుర్చీ మీద మసి పడింది. తుడిచాను, మరక పోలేదు.

పొగగొట్టం పూడుకుపోయి ఉంటుంది.

అక్టోబరు 19

పొగగొట్టం దులిపాను. శుభ్రంగానే ఉంది.

అక్టోబరు 20

ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్న పదిన్నరకి పొట్టు ఎత్తుతూ, రోడ్డు మీద ఎవరిదో ట్రాక్టరు అనుకుని తల తిప్పితే అది మా గేటు దగ్గరే ఆగి ఉంది. దాని పక్కన మా పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ముసలివాడయ్యాడు. పాతికేళ్లలో దూరంనుంచి చూడడమే గాని ఇంత దగ్గరగా చూడలేదు. వాళ్ల నాన్న మొహం వచ్చేసింది.

"ఎప్పుడొచ్చావ్?" అన్నాను.

"పావుగంటైంది. నాలుగుసార్లు పిలిచాను. మొన్న కూడా వచ్చి పిలిచి వెళ్లాను."

"పిలిస్తే పలకనా?"

అతను గడ్డిలో గుట్టగా పడి ఉన్న కట్టెల వైపు నడిచాడు. "ఇవెందుకు బయట పారేశావ్, బావా?"

"పచ్చివి."

ఒకటి తీసి చేతిలో ఎగరేసి చూశాడు. వాసన చూశాడు. నా గొడ్డలి అందుకుని ఒక్క దెబ్బకి రెండు చేసి, లోపలి వైపు చెంపకి ఆనించుకున్నాడు. ఆ చెంప విద్య ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. వాళ్లింటి విద్య.

"ఎముకల్లా ఎండాయి ఇవి. పైన ఉన్నది వాన తడి."

"ఇరవై రెండు చెట్లు కొట్టినవాడివి, కట్టెల గురించి నువ్వు నాకు చెప్పాలా?"

"కొట్టాను. మాటిచ్చి కొట్టాను. అవసరం పడింది, నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. తప్పే" అన్నాడు. అని, "ముందిది చూడు" అంటూ గుట్ట అడుగునుంచి ఇంకో రెండు లాగాడు.

ఆ ఒక్క మాట కోసం నేను పాతికేళ్లు ఎదురు చూశాను. దానికి చెప్పాల్సిన జవాబు నలభై రకాలుగా సిద్ధం చేసుకున్నాను. అతను దగ్గినట్టు అనేసి పనిలో పడ్డాడు.

రెండు కట్టెలూ కొట్టాడు. "విన్నావా?"

"విన్నాను. దబ్బు."

మళ్లీ కొట్టాడు, నా మొహం దగ్గరగా. "ఇప్పుడు?"

"చెప్పాను కదా."

ఇంటి పక్క షెడ్డులోకి వెళ్లి, నేను కొత్తగా చేర్చినవాటిలో రెండు తెచ్చి కొట్టాడు. "ఇది?"

"దబ్బు."

"అదీ ఇదీ ఒకటేనా, బావా?"

నాకు ఒకటే మరి.

"ఇంట్లో గిన్నెలు తోమే సబ్బు ఉందా?" అన్నాడు. తనే వెళ్లి తెచ్చాడు. గుట్టలోని కట్టె ఒకటి తీసుకుని ఒక చివర సబ్బు నీళ్లు పూశాడు. రెండో చివర నోరు ఆనించి, బుగ్గలు పగిలేలా ఊదాడు. సబ్బు పూసిన చివర సన్నటి బుడగలు లేచాయి. కట్టెలోంచి గాలి పారింది. తర్వాత షెడ్డులోని కట్టెకి అలాగే చేశాడు. కళ్లు ఎర్రబడేదాకా ఊదాడు. ఒక్క బుడగ రాలేదు.

"ఎండితే లోపలి గొట్టాలు ఖాళీ అవుతాయి. నీళ్లుంటే మూసుకుని ఉంటాయి. నిలబడి చచ్చిన చెట్టు ఏటా వాన పీలుస్తూనే ఉంటుంది" అన్నాడు పెదాలు తుడుచుకుంటూ. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇది లేదు.

నేనే అడిగాను. "నిన్నెవరు రమ్మన్నారు?"

"అక్క ఫోన్ చేసింది. ఆయన అన్నీ ఖంగుమంటున్నాయంటున్నారు, వెంటనే వెళ్లి చూడరా అంది."

"ఖంగుమంటుంటే చూడ్డానికేముంది?"

అతను గొడ్డలి కింద పెట్టాడు. "నేనూ అదే అడిగాను. ఆయనకి ఖంగుమనడం వినపడదు కదరా అంది."

"ఎప్పట్నించి?"

"ఏడేళ్లంది."

ట్రాక్టరు ఇంజను ఆపలేదు అతను. ఆ గుడగుడ నాకు స్పష్టంగా వినిపిస్తోంది. లావు చప్పుళ్లు అన్నీ వినిపిస్తాయి.

"ఇంజను ఆపు" అన్నాను. ఆపాడు. "ఇప్పుడు పిట్టలేమైనా అరుస్తున్నాయా?"

"ఎక్కడ?"

"ఎక్కడో ఒకచోట."

తల ఎత్తి విన్నాడు. "గట్టు మీద పొదల్లో గోలగోలగా ఉంది, బావా."

అక్టోబరు 21

గడియారానికి చెవి ఆనించాను. ముల్లు తిరుగుతోంది. చెంచాతో గాజు గ్లాసు కొట్టాను. చేతికి తెలిసింది, అంతే. చీపురు ఈడ్చాను, కాగితం నలిపాను, వేలి గోళ్లు బల్ల మీద ఆడించాను. బల్ల మీద గోళ్లు ఆడిస్తే ఆవిడ "ఆపండి" అనేది. ఎందుకనేదో ఎప్పుడూ తెలియలేదు, అలా ఆడించడం చప్పుడు చేసే పనని మర్చిపోయాను.

మధ్యాహ్నం పడుకుందామనుకున్నాను. మూడు రోజులే ఉంది. లేచి ట్రాక్టరు తీశాను.

అక్టోబరు 22

మా పెద్దమనిషి పొద్దున్నే వచ్చాడు. ఇంటి పక్క షెడ్డు ఖాళీ చేశాం. నేను అయిదు రోజులు చచ్చీ చెడీ చేర్చింది ఇద్దరం రెండు గంటల్లో బయట పారేశాం. గుట్టలోని కట్టెలు ఎండువే కాని పై తడి ఆరేదాకా పనికిరావు. వాటిని సన్నగా చీల్చి, త్వరగా ఆరాలని బయటే బెరడు ఊడదీసి, ముందు గదిలో గోడ చుట్టూ సందులు వదిలి పేర్చాం. పుస్తకాల అలమరాలు జరపాల్సొచ్చింది.

"ఇన్నీ చదివావా, బావా?"

"చదివాను."

"దేంట్లోనూ సబ్బు లేదా?"

"లేదు."

"రాయకపోయావా మరి."

నవ్వలేదు నేను. మొహం అటు తిప్పుకున్నాను.

అక్టోబరు 23

తన షెడ్డునుంచి రెండు ట్రాలీల ఎండు కట్టెలు తోలుకొచ్చాడు. మొదటి నెలకి చాలతాయి. ఆలోపు మావి పూర్తిగా ఆరతాయి. ట్రాలీ వెనక్కి తిప్పి షెడ్డు గుమ్మానికి ఆనించి, ఇంజను మీదనుంచి అడిగాడు. "దించనా?"

అతని కట్టెలు. నా ఇంట్లో. ఒప్పుకుంటే ఈ పాతికేళ్లు ఏమైనట్టు?

"దించు" అన్నాను.

అతను రెండేసి తీసి కొట్టి "లోపలికి" అనేవాడు, నేను పేర్చేవాణ్ణి. ఒకటి రెండు చోట్ల "పక్కకి" అన్నాడు. తన కట్టెల్లోనే. అక్కలాగే, చేతిలో మోత ఇంకా ఉండగానే అనేస్తాడు. మధ్యాహ్నానికి రెండు ట్రాలీలూ ఖాళీ అయ్యాయి. రొట్టె, గుడ్లు, టీ. ఇద్దరం మెట్ల మీద కూర్చుని తిన్నాం. మాట్లాడుకున్నది రంపం బేరింగు గురించి. అది నిజంగానే ఈల వేస్తోందట. మెకానిక్కుకి ఫోన్ చేసి, వచ్చి మార్చమన్నాను. క్షమాపణ లాంటిది ఏదో చెప్పాను. అతను ఏదో అన్నాడు. ఫోన్‌లో నాకు అసలే వినపడదు, అది మాత్రం నేను ఎప్పట్నించో ఒప్పుకుంటున్నదే.

అక్టోబరు 24

ఆవిడని తీసుకురావడానికి వెళ్లాను. కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటూ డాక్టరమ్మ ఏదో అడిగింది.

"గట్టిగా చెప్పండమ్మా. నాకు వినపడదు" అన్నాను.

ఈ మాట అనడానికి రెండు క్షణాలు పడుతుంది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని నా మొహంలోకి చూస్తూ మాట్లాడింది. ప్రతి అక్షరం అందింది. చివరి అక్షరాలతో సహా. ఆ పిల్ల మాటలు ఎప్పుడూ మింగలేదు.

"చలికాలం ముందు ఈవిడ దుమ్ములో నిలబడే పని ఏమైనా చేస్తారా? పాత గడ్డి, ధాన్యం, కట్టెలు, అలాంటివి."

"కట్టెలు మోసేది నేను. తను ఊరికే పక్కన నిలబడుతుంది."

"బెరడు కింద బూజు పెరుగుతుంది. కట్టె కదిలించినా కొట్టినా అది పొడిలా లేస్తుంది. కొందరి ఊపిరితిత్తులకి పడదు. ఒకేసారి ఏమీ కాదు. ఏటా కొంచెం కొంచెం."

"నాకేమీ కాలేదే."

"అందరికీ కాదు. ఏటా ఎన్ని రోజులు నిలబడతారు?"

"పది రోజులు."

"ఎన్నేళ్లుగా?"

ఆ ప్రశ్నకి కచ్చితమైన జవాబు నాకు నాలుగు రోజుల కిందటే తెలిసింది. చెప్పాను. ఆమె రాసుకుంది.

"ఇక ఆ షెడ్డులో అడుగు పెట్టకూడదు" అంది.

బావమరిది తన కారు తెచ్చాడు. దారి పొడుగునా అక్కా తమ్ముళ్లు ఏదో మాట్లాడుకున్నారు. నేను వెనక కూర్చున్నాను, నాకు వాళ్ల మొహాలు కనపడవు. ఏమంటున్నారని అడగలేదు.

అక్టోబరు 25

పొయ్యి ఉదయం ఆరింటినుంచి మండుతోంది. అద్దం తేటగా ఉంది. గదిలో పొగ వాసన లేదు. ఆవిడ మూడుసార్లు దగ్గింది. లెక్కపెట్టాను, దగ్గు నాకు వినిపిస్తుంది.

గోడ చుట్టూ పేర్చిన కట్టెలు చూసి, "ఇదేంటి, షెడ్డులో కాపురం పెట్టారా" అంది.

కుర్చీ మీద మసి మరక చూసింది. దాని మీద తువ్వాలు పరుచుకుని కూర్చుంది.

అక్టోబరు 26

టీ ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాను. మొహం కనపడేలా.

"ఎందుకు చెప్పలేదు?"

"ఏంటి?"

"నీకు తెలుసు ఏంటో."

రెండు గుక్కలు తాగింది. తొందర మనిషి, జవాబుకి మాత్రం తొందర పడలేదు.

"చెబితే ఏం చేసేవారు?"

"చెవికి మిషను పెట్టించుకునేవాణ్ణి. లేకపోతే నీ తమ్ముడిలా సబ్బు పూసుకుని ఊదేవాణ్ణి. ఏదో ఒకటి చేసేవాణ్ణి."

"అప్పుడు అక్కడ నా పనేంటి?"

"ఏ పనీ ఉండేది కాదు. వెచ్చగా ఇంట్లో కూర్చునేదానివి."

"అదే." కప్పు ఒళ్లో పెట్టుకుంది. "ఏడాదికి పది రోజులండీ. ఆ పది రోజులు మీరు కట్టె కొట్టి నా మొహం చూసేవారు. నేనేమంటానా అని. మీకు తెలీకుండానే చూసేవారు. మిగిలిన రోజులన్నీ నాకు కనపడేది పుస్తకం అట్టే. బొమ్మ ఉన్న అట్ట అయితే కాస్త నయం."

"ఆ దుమ్ములో నిలబడి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నావు. డాక్టరమ్మ చెప్పింది."

"నాకూ చెప్పింది."

"అడిగితే పుస్తకం కింద పెట్టనా?"

"పెళ్లయిన కొత్తలో అడిగానుగా" అంది. "ఈ పేజీ అయ్యాక అన్నారు."

నాకు గుర్తు లేదు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

తర్వాత దుప్పటి గడ్డం దాకా లాక్కుని, పొయ్యి వైపు తిరిగి కళ్లు మూసుకుంది. నేను రెండు కట్టెలు తీసి పొయ్యిలో వేశాను. వేసేముందు అలవాటుగా ఒకదానితో ఒకటి కొట్టాను. ఆవిడ కళ్లు తెరవకుండానే "లోపలికి" అంది.

ఆవిడ నిద్రపోయాక రాస్తున్నాను. మధ్యాహ్నం మూడు. రేకుల మేస్త్రి కప్పు కారలేదు. అతని మీద రాసింది కొట్టేశాను. మెకానిక్కుది నిజం. డాక్టరమ్మది నిజం. చెట్లు కొట్టినవాడు తప్పని ఒప్పుకున్నాడు, కట్టెలు దించాడు, తిన్న ప్లేటు కడిగి పెట్టి వెళ్లాడు. ఇంకా కోపం ఉంచుకోవాలంటే ఎక్కడ ఉంచుకోవాలో తెలియడం లేదు.

ఒక్కరి మీద మాత్రం పోలేదు, పోదు కూడా. రెండోసారి అడగాల్సింది. పుస్తకం లాగి అవతల పారేయాల్సింది. మీకు చెవుడొచ్చిందని మొహాన చెప్పాల్సింది, నేను గొడవ చేస్తే చేయనివ్వాల్సింది. పది రోజుల కోసం ఏడు చలికాలాలు ఆ బూజు పీల్చింది. నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే ఇప్పుడు ఈ గదిలో ఇలా ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి కాదు. దీనికంతటికీ నేను తప్పుపట్టేది ఒక్కరినే. మా ఆవిడని.